గంపెడు నెత్తళ్లకు ఒక పేరు

ముందే చెబుతున్నాను, నన్ను ఉద్దానానికి మోసం చేసి పిలిచారు. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తాను. ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఎలా అంటున్నాడని మీకు అనుమానం రావచ్చు. నాతో పాటు మీరు కూడా పలాసలో దిగండి, తెలుస్తుంది.

పిలిచినవాడి పేరు పకీరు. విశాఖపట్నంలో ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లిన రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. నాది నరసరావుపేట. వాడిది పలాస దాటాక సముద్రం ఒడ్డున, వేటకు వెళ్లే కుటుంబం. నా పేరు అబ్దుల్ గఫూర్. అరబ్బీలో గఫూర్ అంటే క్షమించేవాడు. అది దేవుడి పేరు. అబ్దుల్ గఫూర్ అంటే ఆ క్షమించేవాడి సేవకుడు. క్షమించే పని ఆయనది. సేవకుడు కూడా క్షమించాలని ఎక్కడా రాసిలేదు. కాబట్టి నిస్సంకోచంగా చెబుతాను, ఆ గదిలో ఉన్నంత కాలం పకీరు నన్ను ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. "సాయిబూ, సబ్బియ్యి." "సాయిబూ, లైటార్పు." అంతే. ఆ సబ్బు ఏ రంగుదో కూడా నాకు గుర్తుంది.

అలాంటివాడు రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వేసవిలో, మా వీధి చివరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి నన్ను పిలిపించాడు. "సాయిబూ, సెలవలే కదా. జీడిపళ్లున్నాయి, సేపలున్నాయి, సముద్రముంది. రా." ఇన్నేళ్ల తరువాత కూడా సాయిబూ అనే. చేపల మీద గౌరవంతో బయలుదేరాను.

పలాస

స్టేషన్‌కి వస్తానన్న పకీరు రాలేదు. దీన్ని కూడా గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకున్నాను. ఒక లాడ్జికి వెళ్లాను. మేనేజరు పేరు అడిగితే చెప్పాను.

"సాయిబు గారని రాసుకుంటానండి, సరిపోతాది."

నేను బ్యాగు తిరిగి భుజానికి వేసుకున్నాను. "సరిపోదు. అబ్దుల్ గఫూర్. పూర్తిగా రాయండి."

రాశాడు. అప్పుడు ఆయన పేరు అడిగాను. జవహర్ అన్నాడు. నాకు పండగ వచ్చినట్టైంది. మా తాత ఫార్సీ పంతులు. ఆయన ఒళ్లో కూర్చుని పేర్ల అర్థాలు బట్టీ పట్టినవాణ్ని. ఇలాంటి అవకాశం దొరికితే వదలను.

"అయితే మీదీ మా వైపు పేరేనండీ. జౌహర్ అంటే రత్నం. జవాహిర్ అంటే రత్నాలు. అరబ్బీ మాట. అరబ్బులకు అది ఫార్సీవాళ్ల గౌహర్ నుంచి వచ్చింది. అంటే మీరు ఒక్కరు కాదు, బహువచనం."

ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "మా తాతగారు దేశభక్తితో పెట్టినారండి."

"పెట్టనివ్వండి. రత్నాలకు దేశభక్తి ఉండకూడదా?"

ఆయన కాసేపు ఆలోచించి నా గదికి రెండో దిండు పంపించాడు. ఒక పేరుకి ఒక దిండు. మా ఊళ్లో నేను ఇలాంటి వివరాలు చెబితే జనం వాచీ చూసుకుంటారు.

మధ్యాహ్నం జీడిపప్పు తీసే షెడ్డు చూడటానికి వెళ్లాను. వరుసగా కూర్చున్న ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకుని, కాల్చిన పిక్కల్ని టకటకా కొడుతూ, చేతుల కంటే వేగంగా కబుర్లు చెబుతున్నారు. గుమ్మం పక్కన ఒక కుప్ప ఉంది. కుప్ప ఉంటే ఒకటి తీసి నోట్లో వేసుకోవడం మా వైపు శనక్కాయల అలవాటు. వేసుకుని కొరికాను.

"ఓలమ్మో! ఉమ్మీ బాబూ, ఉమ్మీ! పచ్చిపిక్క అది!"

అప్పటికే పెదవులు నిప్పంటుకున్నట్టు మండిపోయాయి. పచ్చి జీడిపిక్క తొక్కలో ఉండే నూనె తోలు ఊడగొడుతుందట. ఆ సంగతి ఆ కుప్ప మీద ఎవరైనా ఒక అట్ట ముక్క మీద రాసి పెట్టొచ్చు కదా? పెట్టలేదు. ఒకామె లేచి వచ్చి నా పెదవులకు కొబ్బరినూనె రాసింది. "కాల్సకుండా కొరికీడమేటి? నీకు ఇంటికాడ కూడెట్టరేటి?" అంది. షెడ్డంతా నవ్వింది. నేను కూడా నవ్వబోయాను, మూతి సహకరించలేదు. విరగని గుండ్లు కిలో రెండొందల యాభై అన్నారు. నరసరావుపేటలో ఆ డబ్బుకి బద్దలు కూడా రావు. కోపం మీదే రెండు కిలోలు కొన్నాను.

టెక్కలి

పకీరు టెక్కలిలో పని చేస్తున్నాడు. వాడు రాకపోతే నేనే వెళ్తాను, వెళ్లి కడిగేస్తాను అనుకుంటూ మర్నాడు బస్సెక్కాను. దిగాక ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఐదు రూపాయలు, చట్నీ ఎంత కావాలంటే అంత. మా వైపు చట్నీ రెండోసారి అడిగితే ఇంటిపేరు దాకా వెళ్తారు. హోటలావిడ పేరు గులాబి అని పక్క బల్ల ఆయన పిలుపుతో తెలిసింది. వాచిన మూతితోనే చెప్పాను.

"అమ్మా, నీ పేరు ఫార్సీ. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. మొదట అది పన్నీరు పేరు. తరవాతే పువ్వు పేరైంది."

"అయితే నాను నీళ్లేనేటి బాబూ?" అని ఆమె గ్లాసు నా ముందు పెట్టింది. "మా ఆయనా అదే అంటాడు, నా టీ తాగి."

పక్క బల్ల ఆయనకి పొలమారింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి వినబడింది. "ఏటి సాయిబూ, మూతి అలగుంది?"

పకీరు. జుట్టు కొంచెం నెరిసింది, గొంతు మాత్రం అదే. "నిన్న స్టేషన్‌కి రాలేదేం?" అన్నాను. "నువ్వొచ్చేది రేపనుకున్నాను" అన్నాడు. వాడికి నేను ఏ రోజు వచ్చినా మర్నాడే వస్తాను.

కడిగేయడానికి వీలు లేకుండా, చెయ్యి పట్టుకుని వాళ్ల బడికి తీసుకెళ్లాడు. ప్రధానోపాధ్యాయుడి గది బయట తెల్లరంగు వేసిన కొత్త బోర్డు, అక్షరం లేకుండా ఉంది.

"హెడ్మాస్టర్నయ్యాను" అన్నాడు.

"సంతోషం."

"ఏటి సంతోషం! బోర్డు మీద పకీరని రాయించుకోవాలా? పిల్లలు నా ఎనకాల సేతులు సాపుకుని నడుత్తన్నారు, ధర్మం సెయ్యండి బాబూ అని. నాను ఎనక్కి తిరిగితే సేతులు జేబుల్లో ఎట్టుకుంతన్నారు. ఫణీంద్ర అని మార్సుకుందామనుకున్నాను. అమ్మ ఒప్పట్లేదు."

"ఎందుకు?"

"ఆ పేరు పోతే నా పేణం పోతాదంట. ఎండలు మొదలైన కాడ్నుంచి నాతో మాటల్లేవు. ఇంటికెల్తే కంచం ముందుకి తోసీసి అటు తిరిగి కూకుంటాది." అక్కడితో ఆగి, బోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు. "నాను పెంకితనానికి పోయి మార్సేసుకోవచ్చు. తరవాత నాకు జొరమొచ్చినా ఆవిడ బతకదు. నువ్వు పేర్లు తెలిసినోడివి. ఒచ్చి సెప్పు."

పేర్లు తెలిసినోడివి! ఇన్నేళ్లకు వాడి నోట నాకొక బిరుదు. నేను పొంగిపోయాను. ఆ పొంగులో అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు.

ఉద్దానం

టెక్కలి దాటి తోటల్లోకి మళ్లాక ఎండ ఎక్కడికో పోయింది. ఒక పక్క కొబ్బరి, ఒక పక్క జీడి, కింద ఎర్రగా పసుపుగా రాలిన పళ్లు. గాలంతా పులిసిన తీపి వాసన. జీడిపండు తినమని పకీరు చేతిలో పెట్టాడు. రసం గొంతు పట్టేసింది, చొక్కా మీద కారింది. ఆ మరక పోదని చొక్కా మీద పడ్డాక చెప్పాడు. ఇంకా పోలేదు.

వాళ్ల ఇంటి ముందు ఎండు చేపలు ఆరేసి ఉన్నాయి. పకీరు తల్లి ఎర్రమ్మ కాకుల్ని కర్రతో తోలుతోంది. చిన్న మనిషి, పెద్ద గొంతు. కొడుకు వైపు చూడలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, నా వెనక కూడా చూసింది.

"నువ్వేనా బాబూ ఆ పకీరు సాయిబువి? జోలేదీ?"

"జోలేమిటమ్మా?"

"నెమలీకల కట్టేదీ? సాంబ్రాణి పొగేదీ?"

నేను పకీరు వైపు తిరిగాను. వాడు సముద్రంలో ఏదో ముఖ్యమైన విషయం ఉన్నట్టు అటు చూస్తున్నాడు.

ఎర్రమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పుకొచ్చింది. "ఈడి ముందు పుట్టినోళ్లు నాకు ఎవలూ దక్కనేదు బాబూ. ఒకరు పురిట్లో, ఒకరు పాకినాక. ఈడు పుట్టినప్పుడు పొగేసుకుంటూ ఒక పకీరొచ్చినాడు. ఆయన జోలెలో ఏసీసినాను. ఈడు నీ బిడ్డ, నా బిడ్డ కాదన్నాను. మళ్లీ గంపెడు ఎండు నెత్తళ్లిచ్చి కొనుక్కున్నాను. కొన్నాక తల్లి నోట ఏ పిలుపొత్తే అదే పేరు. పకీరూ అని పిలిసినాను. ఊఁ అన్నాడు. బతికీసినాడు. ఇప్పుడు తీసీమంటే ఎవలు తియ్యాల? ఇచ్చినోడే తియ్యాల. ఆయన ఏడున్నాడో! ఆయన మనిషిని తెత్తానని ఈడు కబురెట్టినాడు."

నెత్తళ్లంటే వేలెడంత చిన్న చేపలు. ఇక ఫకీరంటే నేను. సీనియర్ ఉపాధ్యాయుణ్ని, ఇస్త్రీ ప్యాంటు వేసుకున్నవాణ్ని.

"ఒరే, నన్ను ఇంత దూరం ఫకీరు వేషానికి రప్పించావా?"

"అరవకు సాయిబూ. నీకు తెలిసిన మతమే కదా."

"నీకు తెలిసిన సాయిబు నేనొక్కణ్నే అని చెప్పు!"

"అదీ నిజమే" అన్నాడు, సిగ్గు లేకుండా.

నేను లేచి కొబ్బరితోటలోకి వెళ్లి కూర్చున్నాను. బస్సు మర్నాడు ఉదయం దాకా లేదు, లేకపోతే అప్పుడే వెళ్లిపోయేవాణ్ని. మధ్యాహ్నం చేపల పులుసు వాసన వచ్చింది. వెళ్లలేదు. రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది. అప్పుడూ వెళ్లలేదు. చివరికి ఎర్రమ్మే బొండం కొట్టించుకుని వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

"పకీరంటే నిజంగా ఏటి బాబూ?"

అడిగితే చెప్పకుండా ఉండలేను. "బిచ్చగాడు కాదమ్మా. అరబ్బీలో ఫకీర్ అంటే అవసరంలో ఉన్నవాడు. వెన్నుపూసకి వాళ్లు వాడే మాట కూడా ఆ మూలంలోంచి వచ్చిందే. బరువుకి వెన్ను విరిగినవాడని కొందరు పెద్దలు చెబుతారు. దేవుడి ముందు ప్రతివాడూ ఫకీరే."

"మంచి మాటే. ఆడి బళ్లో సెప్పు. నాకెందుకు? సావుకి ఆ పేరు రుచించకపోతే సాలు." బొండం నా చేతిలో పెట్టింది. "ఆడికి ఆ పేరు బరువైపోనాదని నాకూ తెలుసు. తల్లిని, తెలీదేటి? కానీ ఒట్టిగా గాలికొదిలీమంటే నా సెయ్యి రాదు. నువ్వు తీసుకో. ఇంకో పేరుతో నాకు తిరిగిచ్చీ."

ఆవిడ గొంతు అంత చిన్నదవడం అప్పుడే విన్నాను. సరేనన్నాను. అయితే రెండు షరతులు పెట్టాను. పేరు నేనే ఎంచాలి. ఆ పేరు పెట్టమని పకీరు నన్ను నా పేరుతో అడగాలి.

పకీరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "అబ్దుల్..."

"పూర్తిగా."

"అబ్దుల్ గఫూర్. నాకో పేరెట్టు."

కొబ్బరాకులన్నీ ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టు అనిపించింది నాకు. గాలే అయ్యుండొచ్చు. పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను.

పేర్ల బేరం

సాయంత్రం అరుగు మీద బేరం మొదలైంది. ఎర్రమ్మ జీవితమంతా గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట చేపలమ్మిన మనిషి. పేర్లను కూడా మొప్పలెత్తి చూసింది. పక్కింటి నూకమ్మ, ఆవిడకి వదిన వరస, సాక్షిగా వచ్చి కూర్చుంది.

"ముందు ఫణీంద్ర సంగతి తేల్చండి" అన్నాడు పకీరు, ఆశ చావక.

ఎర్రమ్మ నన్నడిగింది. "అంటే ఏటి?"

"పాములకు రాజు."

"పామైతే కనబడినోడల్లా కర్రట్టుకుంటాడు. ఒద్దు. ఆ పకీరు బాసలోదే ఉండాల. నువ్వు సెప్పు."

నాకు ఆ క్షణంలో ఒక దుర్బుద్ధి పుట్టింది, దాచను. మిస్కీన్ అనే పేరుంది. దిక్కులేని పేదవాడని అర్థం, ఫకీరు కంటే ఒక మెట్టు కింద. అది పెట్టి, మహారాజు అని చెబితే ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? సబ్బూ లైటూ స్టేషనూ అన్నీ తీరిపోతాయి. కానీ ఎర్రమ్మ నా నోటి వైపే చూస్తోంది. అలా చూస్తుంటే ఆ పేరు బయటికి రాలేదు.

"గనీ" అన్నాను. "అరబ్బీ. ధనవంతుడు, ఎవరి అవసరమూ లేనివాడు. ఫకీరుకి సరిగ్గా ఎదురు."

"దొంగలడతారు" అంది ఎర్రమ్మ.

"ఖుర్షీద్. ఫార్సీ. వెలిగే సూర్యుడు."

"సాయంత్రానికి ములిగిపోడేటి?"

"ఫిరోజ్. విజయం పొందినవాడు. ఫార్సీవాళ్ల పేరోజ్, అరబ్బుల నోట ప పలక్క ఫిరోజ్ అయింది."

"గెలిసినోడి మీద ఓడినోడికి కడుపుమంట. ఇంకోటి."

"షేర్. సింహం."

"ఈ పొట్టకా?" అంది నూకమ్మ, పకీరు వైపు చూసి. పకీరు పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"జాన్. ఫార్సీలో ప్రాణం."

ఈసారి పకీరే అడ్డుపడ్డాడు. "ఆదివారం ఆదివారం నన్ను చర్చికి పిలుత్తారు!"

ఇలా చీకటి పడేదాకా సాగింది. జీవితంలో నేను ఇంత ఆనందంగా ఓడిపోయింది లేదు. మా తాత నేర్పిన గొప్ప గొప్ప పేర్లన్నీ ఆవిడ తూకానికి తేలిపోయాయి. వెలుగైతే ఆరిపోతుంది, పువ్వైతే వాడిపోతుంది, రాజైతే చంపేస్తారు. చివరికి విసుగొచ్చి అన్నాను.

"హయాత్. అరబ్బీ. బతుకు అని అర్థం. అంతే, ఒట్టి బతుకు."

ఎర్రమ్మ ఆ మాటని నోట్లో తిప్పి చూసుకుంది. "బతుకు... బతుకునెవడూ ఎత్తుకుపోడు. ఎవలి బతుకు ఆళ్లకే బరువు. సరే, కానిచ్చీ."

"హయాతు" అని పలికి చూసుకున్నాడు పకీరు. "సినిమా హీరో పేరులాగుంది." వాడి మొహం వెలిగింది. నేను ఎంచిన పేరు. ఆ రాత్రి గర్వంతో దోమలు కూడా కుట్టినట్టు తెలియలేదు.

ఒడ్డున

పొద్దున్నే పడవలు తిరిగొచ్చే వేళకు ఒడ్డుకి వెళ్లాం. జోలెకి బదులు పకీరు తండ్రి వాడిన పాత వల పరిచారు, నీళ్ల అంచున. పకీరు తెల్ల చొక్కా, తెల్ల పంచెతో దాని మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎర్రమ్మ నియమాలు చెప్పింది. నేను నా తువ్వాలు వాడి మీద వేసి "ఇతను నావాడు" అనగానే పాత పేరు పోతుంది. ఆవిడ నెత్తళ్ల గంప నాకిచ్చి కొనుక్కునేదాకా వాడికి పేరు లేదు, ఎవరూ పిలవకూడదు. కొన్నాక హయాతూ అని పిలుస్తుంది. వాడు పలకాలి.

పడవల దగ్గర మగాళ్లు పని ఆపి చూస్తున్నారు. "మేస్టారూ, గట్టిగా కూకోండి, అమ్మీత్తన్నారు!" అని ఒకడు అరిచాడు. నేను గొంతు సవరించుకుని తువ్వాలు వేశాను. "ఇతను నావాడు."

ఎర్రమ్మ గంప నడుముకి ఆనించుకుని వస్తోంది. మెల్లగా వస్తోంది. వాడికి పేరు లేని ఆ కాస్త దూరం ఆవిడకు ఎంత పొడవుగా ఉందో మొహంలో కనబడింది. పెదవులు కదులుతున్నాయి, ఆ కొత్త పేరు మరిచిపోకుండా నెమరు వేసుకుంటోంది.

అప్పుడొచ్చింది కెరటం. పెద్దదేం కాదు, అంతకుముందువాటి కంటే కొంచెం ఎక్కువ దూరం వచ్చింది. వల కిందికి దూరి వలను లేపింది. పకీరు వెల్లకిలా పడ్డాడు. వాడి కాళ్లు వలకళ్లలో చిక్కాయి, తిరిగి వెళ్లే నీరు వలతో సహా వాణ్ని లాగింది. నేను పట్టుకోబోయి మోకాళ్ల మీద పడ్డాను. తువ్వాలు వాడి మొహానికి చుట్టుకుపోయి ఉంది.

"పకీరూ!"

ఆ అరుపుకి పడవల మీది కాకులు లేచిపోయాయి. గంప ఎగిరి నా ముందు పడింది, నెత్తళ్లు నా చేతుల మీదుగా చెల్లాచెదురయ్యాయి. ఎర్రమ్మ అప్పటికే నడుము లోతు నీళ్లలో ఉంది. ఆ వయసులో ఎలా పరుగెత్తిందో నాకు తెలియదు. "పకీరూ! ఒరే పకీరూ!"

తువ్వాలు కింద నుంచి, నోటి నిండా ఉప్పునీళ్లతో, వాడన్నాడు. "ఆఁ... అమ్మా!"

మగాళ్లు వచ్చి వల కోసి ఇద్దర్నీ పైకి లాగారు. వాడికి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఎర్రమ్మ పిడికిలి వాడి చొక్కా పట్టుకుని ఉంది. పొడి ఇసకలోకి వచ్చాక కూడా వదల్లేదు.

నేను లేచి, ఇసక దులుపుకుని, "పిలుపు సరిగ్గా లేదు, మళ్లీ మొదటి నుంచి..." అనబోయాను.

"ఏటి మళ్లీ?" అంది నూకమ్మ. "గంప నీ కాళ్లకాడ పడింది. బేరమైపోనాది. తల్లి పిలిసింది, కొడుకు పలికినాడు."

పకీరు నా వైపు చూశాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఉప్పునీళ్లలో తెలియలేదు. "పోన్లే గఫూరూ" అన్నాడు. "బోర్డు మీద అదే రాయించీత్తాను. పిల్లలు సేతులు సాపితే సాపనీ."

నా సంగతి ఎవరూ అడగలేదు. ఒక సాయంత్రమంతా బేరమాడి సంపాదించిన హయాత్ నా నోట్లోనే ఉండిపోయింది. నా ఇస్త్రీ ప్యాంటు, నా తువ్వాలు, ఆ సాయంత్రం రైల్లో నా సంచిలోని నెత్తళ్ల వాసనకి పెట్టె మొత్తం నన్ను తిట్టిన తిట్లు, ఇవన్నీ నా లెక్కలో ఉన్నాయి. ఉద్దానం వెళ్లేవాళ్లు జీడిపళ్లు తినండి, చొక్కా జాగ్రత్త, పచ్చిపిక్క కొరకొద్దు. ఎవరైనా సముద్రం చూద్దువు గాని రమ్మంటే, ఎందుకో ముందు అడగండి.

కానీ ఆ ఒడ్డున నేను గొడవ పెట్టుకోలేదు. పెట్టుకున్నా వినేవాళ్లు లేరు. ఎర్రమ్మ తిట్టడం మొదలుపెట్టింది. ఎండలు మొదలైనప్పటి నుంచి దాచిపెట్టిన మాటలన్నీ, తినకుండా వెళ్లిన కంచాల దగ్గర నుంచి పెరిగిన పొట్ట దాకా, ఒక్కొక్కటే తీసి కొడుకు మొహాన కొడుతోంది. వాడు తడిసిన పంచెతో నిలబడి "ఆఁ అమ్మా, ఆఁ అమ్మా" అంటున్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఆవిడ చొక్కా ఒకసారి గుంజి "పకీరూ" అని పిలుస్తోంది. వాడు ఆఁ అన్నాక మళ్లీ మొదలుపెడుతోంది.